పగడాన్ని పట్టుకుని తీసే ఫొటో ఇక మానండి: అండమాన్ డైవింగ్ సెంటర్లకు, గైడ్లకు బరంపురం నుంచి బహిరంగ లేఖ

అండమాన్‌లో స్కూబా డైవింగ్ సెంటర్లు నడిపే పెద్దలకు, డైవ్ గైడ్లకు, నీళ్ళలో ఫొటోలు తీసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు

నమస్కారం.

నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ముహూర్తాలున్నప్పుడు పెళ్ళిళ్ళు, లేనప్పుడు పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆల్బమ్‌లు, ఫ్రేములు. డైవింగ్ నేర్చుకున్నది మీ దీవుల్లోనే. ఇప్పటికీ చేతిలో నాలుగు డబ్బులు పడితే కెమెరా తడవకుండా తొడిగే హౌసింగ్ సర్దుకుని మీ దగ్గరికే బయల్దేరతాను. ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. నేనెక్కిన పడవల్లో సిలిండర్లు మోసేవాళ్ళు, ఇంజను దగ్గర కూర్చునేవాళ్ళు, ఈమధ్య గైడ్లుగా పైకొచ్చినవాళ్ళు ఎంతోమంది తెలుగువాళ్ళే. శ్రీకాకుళం తీరం నుంచి, మా గంజాం తీరం నుంచి వేటకని వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు. పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయినా జంగ్లీఘాట్ రేవులో ఇప్పటికీ మన మాటే వినబడుతుంది.

మా ఊరి నుంచి అండమాన్ వెళ్ళొచ్చేవాళ్ళు ఇప్పుడు బాగా ఎక్కువయ్యారు. ఎల్‌టీసీ వాడుకునే ఉద్యోగులు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, రిటైరైన మాస్టార్లు కూడా. తిరిగొచ్చాక పెన్‌డ్రైవ్ పట్టుకుని స్టూడియోకి వస్తారు. “మొహాలన్నీ నీలంగా వచ్చాయండీ, కాస్త కలర్ సరిచేసి పెద్దది చేసివ్వండి, హాల్లో పెట్టుకుంటాం” అంటారు. అలా వచ్చిన ఫొటోల్ని స్క్రీన్ మీద పెద్దవి చేసి మూలమూలా చూడడం నా పని. చూసీ చూసీ ఈ ఉత్తరం రాయక తప్పింది కాదు.

అందులో ఒక ఫొటో గురించి చెబుతాను. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన ఉన్నారు. మాస్కుల వెనక కళ్ళు పెద్దవయ్యాయి. కుడిచేత్తో ఇద్దరూ ఓకే గుర్తు చూపిస్తున్నారు. ఎడమచేతులు రెండూ ఒకే కొమ్ముల పగడాన్ని పట్టుకుని ఉన్నాయి. మోకాళ్ళు పోరైటిస్ అనే రకం గుండ్రటి పగడపు బండ మీద ఆనించి ఉన్నాయి. ఫొటో పెద్దది చేస్తే ఆ బండ మీద, మోకాలికి కొంచెం పక్కన, గోధుమరంగు పొర లేచిపోయి తెల్లటి గీతలు కనిపించాయి. కొమ్ముల పగడంలో రెండు కొసలు విరిగి ఉన్నాయి. విరిగినచోట సుద్దముక్క తెలుపు. అంటే అంతకుముందు రోజో, ఆ పొద్దున్నో విరిగింది. పాతదైతే అక్కడ నాచు పట్టి ఉండేది. ఫ్రేము అంచున, ఆమె వీపు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి సిలిండర్ వాల్వు పట్టుకుని కిందికి అదుముతోంది. ఆ చెయ్యి గైడ్‌ది. ఆమె తనంతట తాను అక్కడ మోకాళ్ళూనలేదు.

ఇలాంటి ఫొటోలు ఏదో ఒక్క సెంటర్ నుంచి వచ్చినవైతే వాళ్ళకే విడిగా రాసి ఊరుకునేవాణ్ణి. మనుషులు మారతారు, మాస్కుల రంగులు మారతాయి, ఫొటో మాత్రం అదే. కొన్ని ఫొటోల్లో పగడపు బండ కూడా అదే. ఒకే బండను వేర్వేరు సీజన్ల ఫొటోల్లో పోల్చి చూశాను. దాని మీది గోధుమరంగు ప్రతిసారీ ఇంకాస్త తగ్గింది.

అందుకని సూటిగా అడుగుతున్నాను. మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళ ఫొటో పగడం మీద తీయకండి. పగడాన్ని వాళ్ళ చేతికి ఆసరాగా ఇవ్వకండి, మీరూ పట్టుకోకండి. పక్కనే ఇసుక ఉంటుంది. ఫొటో అక్కడ తీయండి.

పగడం సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ ఉండదు. రోజూ దాని మధ్య తిరిగేవాళ్ళు మీరు. అయినా పడవ మీద కొత్తగా పనిలో చేరిన కుర్రాడెవరైనా ఇది చదువుతాడని రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వు చేత్తో పట్టుకున్న ఆ బండలో ప్రాణమున్నది పైపొరలోనే. ఆ పొర మందం కొన్ని మిల్లీమీటర్లు. కిందంతా సున్నపురాయి, అదే పగడం తరతరాలుగా కట్టుకున్న గూడు. పై పొరలో వేలకొద్దీ చిన్న జీవులు, పాలిప్‌లు, ఒకదాన్నొకటి అంటుకుని బతుకుతుంటాయి. వాటి కణాల్లో కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచు ఉంటుంది. ఎండ వెలుగుతో అది తయారుచేసే తిండే పగడానికి చాలావరకు ఆధారం. పగడానికి గోధుమ, ఆకుపచ్చ రంగులు ఎక్కువగా దానివల్లే వస్తాయి. మోకాలితో ఆ పొరను గీకేస్తే మళ్ళీ పూడేలోపు నాచో, రోగమో ఆ గాయంలో చేరొచ్చు. పోరైటిస్ బండ ఏడాదికి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. మనిషెత్తు బండ ఉందంటే దాని వయసు వందేళ్ళు దాటిందన్నమాట. కొమ్ముల పగడం త్వరగా పెరుగుతుంది, కొన్ని రకాలు ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా. కానీ దాన్ని విరగ్గొట్టడానికి డైవర్ కాలికి తొడుక్కునే ఒక ఫిన్ను తగిలితే చాలు.

చట్టం సంగతీ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలను 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. పెద్దపులి ఉన్న షెడ్యూలు అది. మీలో చాలామంది సెంటర్లలో ఈ మాట గోడ మీద బోర్డుగా ఉంది. నేను చట్టం పేరు చెప్పి బెదిరించడానికి రాయడం లేదు. బోర్డు మీద రాసింది నీళ్ళలో జరగాలని అడుగుతున్నాను.

ఒక గైడ్ నాతో అన్న మాటకి ఇక్కడ జవాబు చెప్పాలి. ఆయన మంచి మనిషి, రీఫ్ అంటే, అంటే పగడపు దిబ్బంటే ప్రేమ ఉన్నవాడు. “వేడికి మొత్తం తెల్లబడి చచ్చిపోతోంది, ఇంక మోకాలు ఆనితే ఎంత, ఆనకపోతే ఎంత?” అన్నాడు. ఆయన బాధ నాకర్థమైంది. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం తనలోని నాచును వదిలేసి తెల్లబడుతుంది. 1998లో, 2010లో అండమాన్‌లో పగడాలు తెల్లబడ్డాయి. 2010లో దెబ్బ మరీ గట్టిగా తగిలింది. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో, పశ్చిమ తీరంలో దిబ్బలు నీటిమట్టం పైకి లేచి ఎండకి చచ్చిపోయాయి. ప్రపంచమంతా పగడాలు తెల్లబడడం నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. సముద్రం వేడెక్కకుండా ఆపడం గైడ్ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

కానీ తెల్లబడిన దిబ్బ మళ్ళీ ఎలా లేస్తుందో ఆయనే నాకు చూపించాడు. చచ్చిన బండ మీద టార్చి వేసి దగ్గరగా చూస్తే, నా చిటికెనవేలి గోరంత కూడా లేని గుండ్రటి మచ్చ కనిపించింది. కొత్త పగడం. ఎక్కడో పుట్టిన లార్వా కొట్టుకొచ్చి, గట్టినేల చూసుకుని అంటుకుంది. దాని పక్కన ఇంకోటి. చచ్చిపోయిన బండే కదా అని మనం మోకాలు ఆనించేది సరిగ్గా అలాంటి చోటే. బతికున్న పెద్ద పగడానికి తగిలే గాయం కంటికి కనిపిస్తుంది. ఈ పిల్ల పగడాలు నలిగిపోతే ఎవరికీ తెలియదు. వేడి దెబ్బ తిన్న దిబ్బకి కావలసింది కొన్నేళ్ళ విశ్రాంతి. ఆ విశ్రాంతి ఇవ్వడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు మా ఊరి సంగతి చెబుతాను. మా గంజాం తీరంలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటికి చాలా ఏళ్ళలో వేసవికి ముందు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి. వాటికోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా మోటారు పడవల వేట నిషేధం. ఏడు నెలలు. వేట తప్ప వేరే పని తెలియని ఇళ్ళలో ఆ ఏడు నెలలు ఎలా గడుస్తాయో మీలో ఆ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పాలా? ప్రభుత్వమిచ్చే సాయం సరిపోదన్న గోడు ప్రతి ఏడూ వినబడుతుంది, ఆ గోడులో న్యాయముంది. అయినా ఆ ఊళ్ళ కుర్రాళ్ళే రాత్రంతా ఒడ్డున కాపలా కాస్తారు. గుడ్ల మీదికి కుక్కలు, నక్కలు రాకుండా తోలుతారు. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో, లైట్ల వెలుగుకి దారితప్పి ఊరివైపు పాకిన తాబేలుపిల్లల్ని బుట్టల్లోకి ఏరి సముద్రం దగ్గర వదులుతారు.

ఆ ఒడ్డున నేను ఫొటోలు తీశాను. లుంగీ ఎగ్గట్టుకున్న ఒక కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు, నా ట్రైపాడ్ కాళ్ళు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. ఫ్లాష్ తీసి బ్యాగులో పెట్టమన్నాడు. తెల్ల టార్చి ఆర్పించి ఎర్ర కాగితం చుట్టిన టార్చి చేతికిచ్చాడు. తాబేలు ముందుకి వెళ్ళొద్దు, వెనకనే ఉండాలి, అది గుంట తవ్వేటప్పుడు కదలొద్దు, వెలుగు చూసి బెదిరితే గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్ళలోకి పోతుంది అన్నాడు. భువనేశ్వర్ నుంచి కారులో వచ్చిన ఒక పెద్దమనిషి, పిల్లాణ్ణి తాబేలు మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తానన్నాడు. ఆ కుర్రాడు అడ్డంగా నిలబడ్డాడు. కోప్పడలేదు, అరవలేదు, పక్కకి జరగనూ లేదు. ఆ పెద్దమనిషి కాసేపు గొణిగి వెనక్కి తగ్గాడు. ఆ కుర్రాడికి దీనికి జీతమిచ్చేవాళ్ళెవరూ లేరు.

మా తీరంలో చెయ్యగలిగింది మీ దీవుల్లో ఎందుకు చెయ్యలేం? ఇక్కడ ఏడు నెలల వేట మానుకున్న ఇళ్ళ బిడ్డలే అక్కడ మీ పడవల మీద ఉన్నారు. వాళ్ళని మానుకోమనేది ఒకే ఒక్క రకం ఫొటో. దానివల్ల ఎవరి కూలీ పోదు.

వ్యాపారం పోతుందని భయపడే యజమానులకు ఒక ఫొటోగ్రాఫర్‌గా రెండు మాటలు. పగడం మీద కూర్చోబెట్టి తీసే ఫొటో నిజానికి మంచి ఫొటో కాదు. నా దగ్గరికొచ్చే ఆ ఫొటోలన్నీ ఇరుగ్గా ఉంటాయి. మనిషి బండకి అతుక్కుని ఉంటాడు, భుజాలు బిగుసుకుని ఉంటాయి, వెనక గోధుమరంగు ముద్ద తప్ప ఏమీ కనిపించదు. అదే మనిషిని ఇసుక పైన, దిబ్బకి రెండు మీటర్ల ఇవతల ఉంచి, వైడ్ లెన్సుతో దగ్గరగా కిందనుంచి తీస్తే మనిషి ముందు, దిబ్బ మొత్తం వెనక, పైన వెలుగు కనిపిస్తాయి. చూసేవాళ్ళకి దిబ్బ పక్కనే ఉన్నట్టుంటుంది. చేపలు కూడా అటే వస్తాయి, ఎందుకంటే దిబ్బని ఎవరూ తొక్కడం లేదు కాబట్టి.

ఇసుక లేస్తుందంటారు. నిజమే, లేస్తుంది. ఫ్లాష్ కొడితే ఆ నలకలన్నీ తెల్లచుక్కలై ఫొటో నిండా పరుచుకుంటాయి. అందుకే నీళ్ళు ఎటు లాగుతున్నాయో ముందు చూసుకోండి. మనిషి నీటి లాగుడికి పైవైపు, లేచిన మడ్డి ఆయనకి వెనకవైపు కొట్టుకుపోయేలా నిలబెట్టండి. దిగిన వెంటనే తీయకండి, ఊపిరి కుదుటపడేదాకా ఒక నిమిషం ఆగండి. స్ట్రోబులు, అంటే నీళ్ళలో వాడే ఫ్లాష్‌లు, రెండూ కెమెరా పక్కన కాకుండా చేతుల్లా ఇరువైపులా బార్లా చాపి, కాస్త వెనక్కి లాగండి. వెలుగు అంచు మాత్రమే మనిషి మీద పడుతుంది, మధ్యలో నీళ్ళు చీకటిగా ఉండి నలకలు కనిపించవు. స్ట్రోబుల్లేని గోప్రో అయితే ఎర్ర ఫిల్టరు పెట్టి, సూర్యుణ్ణి మీ వీపు వెనక ఉంచుకుని తీయండి.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు అదే కాబట్టి. నీళ్ళు అన్నిటికంటే ముందు మింగేది ఎరుపుని. 5 మీటర్లకే అది మసకబారుతుంది, 10 మీటర్లు దాటితే దాదాపు ఉండదు. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. కొత్త పెళ్ళికూతురి చేతి గోరింటాకు ఫొటోలో నల్లగా పడేది అందుకే. లోతు తగ్గితే రంగు తనే వస్తుంది. ట్రై డైవ్‌ని, అంటే కోర్సు చేయనివాళ్ళు గైడ్‌తో మొదటిసారి దిగేదాన్ని, 12 మీటర్లు దాటించకూడదన్న నియమం ఎలాగూ ఉంది. ఫొటోని 4, 5 మీటర్ల దగ్గర ఇసుకలో తీసేయండి. అక్కడ వెలుగు ఎక్కువ, కస్టమర్‌కి భయం తక్కువ, చెవులు నొప్పెట్టకముందే పని అయిపోతుంది. లోతుకి వెళ్ళాక కెమెరా గైడ్ చేతిలో లేకపోతే ఆయన రెండు చేతులూ కస్టమర్ కోసం ఖాళీగా ఉంటాయి. మొదటిసారి దిగిన మనిషి భయపడి ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండింతలు అవుతుంది. ఆ క్షణంలో గైడ్ కన్ను వ్యూఫైండర్‌లో ఉండకూడదు. పగడం కోసం అడుగుతున్న ఈ మార్పు మనిషి ప్రాణానికి కూడా మంచిదే.

ఇంతవరకూ రాసింది మొదటిసారి దిగేవాళ్ళ గురించి. కోర్సులు చేసి కార్డులున్నవాళ్ళ సంగతి ఇంకోటి, నాకు అదే ఎక్కువ బాధ. రీఫ్‌ని ఎక్కువగా తాకేది కెమెరా ఉన్నవాళ్ళే అని కరీబియన్‌లోని సెయింట్ లూసియా దీవిలో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పడవ మీద చెప్పే క్లుప్తమైన జాగ్రత్తలతో తేడా రాలేదని, తాకినవాళ్ళని నీళ్ళలోనే గైడ్ ఆపి సరిచేస్తే మాత్రం తాకడం బాగా తగ్గిందని కూడా అందులోనే ఉంది. నేను కళ్ళారా చూసింది కూడా అదే. చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సు పెట్టుకున్నవాడు న్యూడీబ్రాంక్ అనే గుల్లలేని సముద్రపు నత్త కనిపించగానే ఒళ్ళు మరిచిపోతాడు. మోచెయ్యి ఒక పగడం మీద, మోకాలు ఇంకోదాని మీద, వెనక ఫిన్నులు విసనకర్రలా ఉండే సీఫ్యాన్ పగడాన్ని కొడుతుంటాయి. అతని ఫొటోకి పోటీలో బహుమతి కూడా రావొచ్చు.

కనుక గైడ్లకు నా విన్నపం. కెమెరా ఎంత ఖరీదైనదైనా, మనిషి ఎంత సీనియర్ అయినా, నీళ్ళలో ఆపండి. ఫిన్ను పట్టుకుని మెల్లగా వెనక్కి లాగండి. నన్నయినా సరే. మీరు ఆపితే కస్టమర్ అలుగుతాడేమో, టిప్పు ఇవ్వడేమో అన్న భయం ఉంటుందని తెలుసు. అందుకే యజమానులకు చెబుతున్నాను: ఆ గైడ్ వెనక నిలబడాల్సింది మీరే. పడవ ఎక్కే ముందే కస్టమర్ ముందు గైడ్‌తో చెప్పండి, రీఫ్ తాకినవాళ్ళని ఆపే అధికారం నీదే అని. ఒంట్లో తేలిక కుదరనివాడికి, అంటే ఏదీ పట్టుకోకుండా, చేతులు ఆడించకుండా, ఊపిరితోనే పైకీ కిందికీ జరుగుతూ ఒకచోట నిలవలేనివాడికి, మొదటి డైవ్‌లో కెమెరా ఇవ్వకండి. ఇసుక మీద కాసేపు తేలి చూపించమనండి. చూపించగలిగితే రెండో డైవ్‌లో కెమెరా ఇవ్వండి. నిజమైన ఫొటోగ్రాఫర్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోడు.

చేపల్ని, పీతల్ని ఫొటో కోసం కదిలించడం గురించి పెద్దగా చెప్పను. బ్రెడ్డు వేసి చేపల్ని పోగెయ్యడం, ముళ్ళచేపని రెచ్చగొట్టి ఉబ్బించడం, నక్షత్రచేపని చేతులు మార్చి ఫొటోలు దిగడం, పాయింటర్ కర్రతో కన్నంలో ఉన్నదాన్ని బయటికి పొడవడం, ఇవి మానెయ్యాలి. వీటిలో చర్చకి తావున్నది నాకేమీ కనిపించలేదు.

కదిలించకుండా ఏం దొరుకుతుందో మాత్రం చెబుతాను. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) దగ్గర, పువ్వులా కనిపించే సీ అనిమోన్ అనే జీవి పక్కన క్లౌన్ ఫిష్ జంట గుడ్లు పెట్టింది. అనిమోన్ అడుగున, దాని మెత్తటి అంచు కింద, రాయిని శుభ్రంగా నాకేసినట్టు నున్నగా చేసి, నారింజరంగు గుడ్లు వరసగా అతికించింది. వాటిని చూసుకునేది మగచేప. ఆడది పెద్దగా ఉండి పైన కాపలా తిరుగుతుంటే, మగది గుడ్ల మీదికి వంగి ముందు రెక్కలతో విసురుతూనే ఉంది. మధ్యమధ్యలో ఒక్కో గుడ్డునీ నోటితో తాకి చూసి, పాడైనదాన్ని తీసేస్తోంది. నేను ఇసుక పైన ఒక మీటరు దూరంలో, ఊపిరి నెమ్మదించుకుని ఆగాను. మొదట్లో ఆడది నా లెన్సు అద్దం దాకా వచ్చి పొడిచింది, రెండోసారీ వచ్చింది. తర్వాత నన్ను వదిలేసింది. మగది మళ్ళీ పనిలో పడింది. కొన్ని రోజుల తర్వాత వెళ్ళేసరికి గుడ్ల నారింజరంగు పోయి, ఒక్కోదానిలో రెండు వెండి కళ్ళు మెరుస్తున్నాయి. అవి పొదగడానికి వారం, పదిరోజులు పడుతుంది, పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. ఆ ఫొటో ఇప్పుడు మా స్టూడియో అద్దాల తలుపు పక్కన ఉంది. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చినవాళ్ళు కూడా దాని దగ్గర ఆగి ఇదేంటని అడుగుతారు. అనిమోన్‌ని కర్రతో ఎత్తి ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోయేది. అప్పుడు మగచేప ఆ గుడ్ల దగ్గర ఉండేది కాదు, నాకు దొరికేది గుడ్ల ఫొటో మాత్రమే.

మా ఊళ్ళో ఆ ఫొటోలకి ఎంత విలువుందో మీకు చెప్పాలి. మా గోపాల్‌పూర్ సముద్రంలో పగడపు దిబ్బలు లేవు. నదులు తెచ్చే మంచినీళ్ళకి, మట్టికి పగడం నిలవదు, నీళ్ళెప్పుడూ మసకే. మావాళ్ళకి పగడం తెలిసింది నగల షాపులో, కుజదోషానికని ఉంగరంలో పొదిగించుకునేటప్పుడే. అది రాయి అనే అందరి నమ్మకం. ఇలాంటి ఊళ్ళో పిల్లలు బతికున్న పగడాన్ని మొదటిసారి చూసేది మీరు తీసిన ఫొటోలోనే, పిన్నిగారింటి హాల్లోనో, మావయ్య ఫోన్‌లోనో. ఆ ఫొటోలో పిన్ని పగడాన్ని పట్టుకుని నవ్వుతుంటే, పిల్లలు నేర్చుకునేది అదే. రేపు వాళ్ళు పెద్దయి మీ దగ్గరికొచ్చినప్పుడు అడిగే ఫొటో కూడా అదే.

అందుకని నా వైపు నుంచి నేనొక పని మొదలుపెట్టాను. పగడాన్ని పట్టుకున్న ఫొటో, దాని మీద కూర్చున్న ఫొటో ఎవరు తెచ్చినా పెద్దది చేసివ్వడం లేదు. ఎందుకో కూర్చోబెట్టి చెబుతున్నాను, స్క్రీన్ మీద ఆ తెల్లగీతలు చూపిస్తున్నాను. కొందరు విసుక్కుని పక్క స్టూడియోకి పోయారు. ఎక్కువమంది మాత్రం “అయ్యో, మాకెవరూ చెప్పలేదండీ” అన్నారు. ఆ మాట మీరు వినాలి. వాళ్ళు పగడాన్ని పట్టుకుంటామని అడగలేదు. నీళ్ళలో ఏది పట్టుకోమంటే అది పట్టుకున్నారు, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నారు. మొదటిసారి దిగిన మనిషికి గైడ్ మాటే వేదం. మీరు ఇసుక మీద నిలబెడితే ఇసుక మీదే నవ్వుతారు, అదే ఫ్రేము కట్టించుకుంటారు.

చేయగలమన్న రుజువు మీ దీవుల్లోనే ఉంది. వండూర్ దగ్గర 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో, జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ సీసా తీసుకెళ్ళనివ్వరు. ఏడాదిలో కొన్ని నెలలు జాలీబాయ్ మూసి రెడ్ స్కిన్ తెరుస్తారు, దిబ్బకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. యాత్రికులు మొదట గొణిగినా అలవాటు పడ్డారు. డైవ్ సెంటర్లకు పాటించదగ్గ పద్ధతులు రాసిపెట్టిన గ్రీన్ ఫిన్స్ అనే ఏర్పాటును ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2004లోనే మొదలుపెట్టింది. థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, మాల్దీవుల్లో సెంటర్లు దాన్ని పాటిస్తున్నాయి. పగడం మీద నిలబడొద్దు, తాకొద్దు, చేపలకి తిండి వెయ్యొద్దు, లంగరు దిబ్బ మీద వెయ్యొద్దు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు.

వానలు వెళ్ళి మీ సీజన్ మొదలయ్యేలోపు సెంటర్లవాళ్ళంతా ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. ఒక్క సెంటర్ మానేసి పక్కసెంటర్ కొనసాగిస్తే మానేసినవాడు నష్టపోతాడు, అది నాకు తెలుసు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. దిగే ప్రతిచోటా ఫొటోకి పనికొచ్చే ఇసుక జాగాలు మీకే బాగా తెలుసు. వాటిని గుర్తుపెట్టి, ఇక్కడే తీయాలని రాసుకోండి. ఇసుకలో ఫొటోలు తీయడం, రంగు సరిచేయడం గైడ్లకి నేర్పాలంటే నేను వచ్చి నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు, పడవలో చోటు ఇస్తే చాలు. కంప్యూటర్ మీద రంగు సరిచేసే పద్ధతి తెలుగులో రాసి సిద్ధంగా పెట్టాను, అడిగినవాళ్ళకి పంపుతాను. హిందీ, బెంగాలీ చదివే గైడ్ల కోసం ఈ ఉత్తరాన్ని ఆ భాషల్లోకి చేయిస్తున్నాను. అవి వచ్చేలోపు, తెలుగు చదవగలిగిన తమ్ముళ్ళు దీన్ని పడవ మీద మిగతావాళ్ళకి చదివి వినిపించండి. నేను రాసినదాంట్లో మీ అనుభవానికి సరిపడనిది ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

ఇట్లు
బరంపురంలో ఫొటో స్టూడియో నడిపే ఒక డైవర్
గంజాం జిల్లా, ఒడిశా